తీగలేని మౌసు, కీబోర్డు: మొరాయింపుల చరిత్ర

2016వ సంవత్సరము అక్టోబరులో సిద్దిపేట జిల్లా కేంద్రమైనది. ఆ మరుసటి నెలలోనే తెలంగాణములోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలలో డిజిటల్ తరగతులు ఆరంభమైనవి. నల్లబల్ల ప్రక్కన తెర వెలసినది. తెర వచ్చిన చోటికి తీగలేని మౌసు, కీబోర్డు కూడ వచ్చుట సహజము. ఉపాధ్యాయుడు బల్లకు అంటుకొని కూర్చుండక పిల్లల నడుమ తిరుగుచు పాఠము చెప్పుటకు అవి ఎంతయో అనుకూలములు.

అయితే వానితోపాటు ఒక బెడద కూడ వచ్చినది. నిన్న చక్కగా నడచిన మౌసు నేడు కుంటుచు నడచును. ఒక కంప్యూటరు వద్ద పలికిన కీబోర్డు ప్రక్క కంప్యూటరు వద్ద మూగబోవును. ఒకే కంప్యూటరులో విండోసు నడచునప్పుడు పనిచేయునది, లినక్సు నడచునప్పుడు పనిచేయకపోవును. నలుబది నిమిషముల పాఠములో పది నిమిషములు ఈ తంటాతోనే గడచిపోవును. చివరకు ‘ఇది చెడిపోయినది’ అని దానిని బీరువాలో పడవేయుదురు. బీరువా చేరిన పరికరములలో పెక్కు నిజముగా చెడినవి కావు. వాని మొరాయింపులలో ప్రతిదానికి ఒక పుట్టిన తేదీ కలదు. ఏ సంవత్సరమున ఎవరు ఏ నిర్ణయము చేసిరో తెలిసినచో, ఏ చోట వెదకవలెనో కూడ తెలియును.

మొదట తీగ ఏ పనులు చేయుచుండెనో గమనింపవలెను. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహను అనుసరించి బిల్ ఇంగ్లీష్ అను ఇంజనీరు మొదటి మౌసును తయారుచేసెను. అది ఒక చిన్న చెక్కడబ్బా. అడుగున రెండు చక్రములు, చివర తోకవంటి తీగ. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సభలో ఎంగెల్‌బార్ట్ దానిని పండితులకు ప్రదర్శించెను. ఆ తోక సంకేతమును మోయుట ఒక్కటే చేయలేదు. పరికరమునకు విద్యుత్తు అందించినది. ఈ మౌసు ఏ కంప్యూటరుకు చెందినదో నిస్సందేహముగా నిర్ణయించినది. దానిలో పోవు సంకేతమును ఇతరులు వినకుండ కాపాడినది. ఎవరును అడుగకుండగనే, మెచ్చుకొనకుండగనే ఈ పనులన్నియు తీగ చేయుచుండెను. దానిని తెంచివేసిన నాడు, ఒక్కొక్క పనికి ఒక్కొక్క కొత్త ఏర్పాటు కావలసి వచ్చినది. నేటి మొరాయింపులన్నియు ఆ ఏర్పాట్లలోని లొసుగులే.

తొలుత తీగ స్థానమును వెలుగు ఆక్రమించినది. 1983 నవంబరులో ఐ.బి.ఎం. సంస్థ గృహముల కొరకు, పాఠశాలల కొరకు ‘పి.సి. జూనియర్’ అను చిన్న కంప్యూటరును ప్రకటించెను. దాని కీబోర్డుకు తీగ లేదు. కంటికి కానరాని పరారుణ కిరణములే సంకేతమును మోయుచుండెను. టెలివిజను పెట్టెను దూరమునుండి నడపు రిమోటులో ఉన్నవియు ఇవియే. ఈ కిరణములు గోడను దాటలేవు, అది మేలే. కాని ఎదుట ఒక పుస్తకము నిలిపినను ఆగిపోవును. అంతకంటె పెద్ద చిక్కు తరగతి గదిలో కనబడినది. ఒకే గదిలో రెండు మూడు కంప్యూటర్లు ఉన్నచో, ఒకరు మీట నొక్కగా వేరొకరి తెరపై అక్షరము పడుటకు అవకాశము ఏర్పడెను. కిరణమునకు తన యజమాని ఎవరో తెలియదు గదా! అట్టి చోట్ల వాడుటకై ఆ సంస్థయే విడిగా ఒక తీగను అమ్మెను. తీగ లేకుండుటయే గొప్పగా చెప్పిన వస్తువునకు తీగ కొనవలసి రావడము వినోదకరమే. ఆ కంప్యూటరు ఉత్పత్తి 1985లో నిలిచిపోయెను. దానికి ఇతర కారణములును కలవు.

వెలుగు తరువాత రేడియో వంతు వచ్చినది. ఇచ్చట మన దేశపు సంగతి కొంత చెప్పవలసి యున్నది. రేడియో తరంగము ఎవరి ఇష్టము వచ్చినట్లు వారు వాడుకొను వస్తువు కాదు. 1933 నాటి భారత నిస్తంత్రీ టెలిగ్రాఫు చట్టము ప్రకారము లైసెన్సు లేనిదే రేడియో పరికరమును దగ్గర ఉంచుకొనుటయే నేరముగా ఉండెను. హైదరాబాదు సంస్థానములో 1935 నుండి దక్కన్ రేడియో నడచినది; 1950లో అది ఆకాశవాణిలో కలిసినది. ఆ పిమ్మట పాటలు వినుటకు రేడియో పెట్టె కొన్నవాడు, సిద్దిపేటలోనైనను మరి యే ఊరిలోనైనను, తపాలా కచేరీకి పోయి రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనవలసి యుండెను. 1980ల దాకా సాగిన ఈ ఆచారము పెద్దలకు నేటికిని జ్ఞాపకమే. వినుటకే ఇంత కట్టుబాటు ఉండగా, తరంగమును పుట్టించు పరికరము సంగతి చెప్పనక్కరలేదు. తీగలేని మౌసు తరంగమును పుట్టించు పరికరమే. అది చిన్నదైనను ఒక రేడియో కేంద్రమే.

1991లో స్విట్జర్లాండులో పుట్టిన లాజిటెక్ సంస్థ రేడియో తరంగములతో పనిచేయు మౌసును మార్కెట్టులోనికి తెచ్చెను. ఆ కాలపు రేడియో మౌసులును, తరువాత వచ్చిన రేడియో కీబోర్డులును ఎక్కువగా 27 మెగాహెర్ట్జ్ ప్రాంతమును వాడుకొనెను. ఈ పౌనఃపున్యముగల తరంగపు దైర్ఘ్యము 11 మీటర్లు. ఏరియలు చక్కగా పనిచేయవలెనన్నచో తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు పొడవు కావలెను. అనగా సుమారు 2.75 మీటర్లు. అరచేతిలో ఇముడు మౌసులో అంత ఏరియలు ఎట్లు పట్టును? కురచ తీగచుట్టతో సరిపెట్టిరి. అందువలన ఒకటి రెండు మీటర్లు దాటగనే సంకేతము సన్నగిల్లెడిది. పైగా వాడదగిన చానెళ్లు ఒకటి రెండే. ఒకే గదిలో నాలుగు మౌసులు చేరినచో నాలుగు దారులు దొరకవు.

దూరము పోదని తలచిన ఈ తరంగము ఒక్కొక్కప్పుడు ఊహింపనంత దూరము పోయినది కూడ. 2002లో నార్వే దేశములోని స్టావాంజర్ నగరమున ఒకడు తన ఇంటిలో టైపు చేయగా, ఆ అక్షరములు సుమారు 150 మీటర్ల దూరములో ఉన్న వేరొకరి కంప్యూటరులో ప్రత్యక్షమైనవి. ఆ ఇద్దరికిని ఒకే రకపు తీగలేని కీబోర్డులు ఉండెను. ఇది ఆ దేశపు పత్రికలలో పెద్ద వార్త అయ్యెను. తీగ చేసిన పనులలో రెండు, అనగా యజమానిని గుర్తించుట, గుట్టు కాపాడుట, ఒకేసారి విఫలమైన సందర్భమిది.

ఈ ఇరుకునుండి బయటపడుటకు పరికరములు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి తరలివచ్చినవి. 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ సమావేశమున, వార్తలు పంపుటకు గాక పరిశ్రమలలో, వైద్యములో, శాస్త్రప్రయోగములలో వాడుటకై కొన్ని పౌనఃపున్యములను విడిగా కేటాయించిరి. 2.45 గిగాహెర్ట్జ్ అందులో ఒకటి. మైక్రోవేవ్ పొయ్యి ఈ తావుననే వంట చేయును. నీటి అణువు సరిగా 2.45 వద్దనే అనునాదము చెందునని పెక్కు పుస్తకములలో కనబడు మాట సరికాదు. ద్రవరూపములో నున్న నీరు అత్యధికముగా శోషించు ప్రాంతము అంతకు ఎన్నో రెట్లు పైన, సుమారు 20 గిగాహెర్ట్జ్ వద్ద నున్నది. పొయ్యికి ఈ అంకె దొరకినది కేటాయింపు వలన. నీటి స్వభావము వలన కాదు. భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు ఈ పొరపాటును తరగతిలో దిద్దవచ్చును.

పొయ్యిలు గోలచేయు చోట వార్తలు పంపుట వృథా అని చాలకాలము ఆ పట్టీని ఎవరును పట్టించుకొనలేదు. 1985లో అమెరికా ప్రభుత్వము అచ్చట కొన్ని పద్ధతులతో లైసెన్సు లేకుండ సంకేతములు పంపుకొనవచ్చునని అనుమతించెను. 1997లో వైఫై ప్రమాణము, 1999లో బ్లూటూత్ మొదటి ప్రమాణము వెలువడెను. మన దేశములో 2005 జనవరిలో భారత ప్రభుత్వము 2.4 నుండి 2.4835 గిగాహెర్ట్జ్ వరకు అల్పశక్తి పరికరములకు లైసెన్సు అక్కరలేదని నియమములు ప్రకటించెను. నేడు సిద్దిపేటలోని దుకాణమున ఏ కాగితమును నింపకుండ తీగలేని మౌసు కొని తెచ్చుకొనుచున్నామన్నచో, దానికి ఆధారము ఆ నియమములే. తరంగదైర్ఘ్యము ఇచ్చట 12.5 సెంటీమీటర్లు, నాలుగవ వంతు 3 సెంటీమీటర్ల చిల్లర. ఏరియలు గోరంత రిసీవరులో కూడ మడచి అమర్చవచ్చును.

కాని లైసెన్సు లేని సంత అందరి సంత. వైఫై పెట్టెలు, చరవాణులు, చెవికి తగిలించుకొను బ్లూటూత్ పరికరములు అన్నియు అచ్చటనే కేకలు వేయుచుండును. ఈ సందడిలో తన మాట వినిపించుకొనుటకు బ్లూటూత్ ఎన్నుకొన్న ఉపాయము గెంతుట. మొదటి తరహా బ్లూటూత్ ఆ పట్టీని 79 చానెళ్లుగా విభజించి, సెకనుకు 1600 సార్లు ఒకదానినుండి మరొకదానికి గెంతును. ఒక చానెలులో గోల ఉన్నను తరువాతి గెంతులో వార్త అందును. చానెళ్ల మధ్య గెంతు ఈ ఊహ పాతదే. చలనచిత్ర తార హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథీల్ కలసి, శత్రువు అడ్డగింపలేని టార్పీడో కొరకు ఇట్టి ఏర్పాటునకు 1942లో పేటెంటు పొందిరి. పియానోకు 88 మీటలున్నట్లే వారి పథకములోను 88 పౌనఃపున్యములు ఉండెను. బ్లూటూత్ నేరుగా దానినుండియే పుట్టినదని చెప్పుట అతిశయోక్తి. 2003లో వచ్చిన బ్లూటూత్ ప్రమాణము గోల ఉన్న చానెళ్లను గుర్తించి వానిని వదలి గెంతుట నేర్చినది. ఇంత తెలివి అన్ని చవుక రిసీవర్లకు లేదు. కావున వైఫై పెట్టె ప్రక్కనే రిసీవరు ఉన్నచో మౌసు కుంటవచ్చును. పెట్టెను ఒక మీటరు దూరము జరుపుటయో, వైఫైని 5 గిగాహెర్ట్జ్ పట్టీకి మార్చుటయో చేసిన చాలును.

మౌసు కుంటుటకు మరియొక కారణము కలదు. అది మిక్కిలి సామాన్యము. అయినను తెలిసినవారు తక్కువ. 2008లో యు.ఎస్.బి. 3.0 ప్రమాణము వచ్చినది. దానిలో సెకనుకు 500 కోట్ల బిట్లు ప్రవహించును. ఇంత వేగముగా మారు విద్యుత్తు తీగలో కుదురుగా ఉండదు. చుట్టును రేడియో గోల వెదజల్లును, ఆ గోల 2.4 గిగాహెర్ట్జ్ పట్టీపై కూడ పడును. 2012లో ఇంటెల్ సంస్థయే కొలతలతో ఈ విషయమును ప్రకటించెను. మౌసు రిసీవరు ప్రక్క రంధ్రములో యు.ఎస్.బి. 3.0 హార్డు డిస్కు గుచ్చి పెద్ద చలనచిత్రమును నకలు చేయుచున్నచో, తెరపై బాణపు గుర్తు తడబడుట పలుచోట్ల చూడవచ్చును. నకలు ముగియగనే కుదుటపడును. పిల్లలు స్వయముగా చేసి చూడదగిన ప్రయోగమిది, ఖర్చు లేదు. పరిహారము కూడ సులభమే. రిసీవరును ఒక పొడిగింపు తీగకు తగిలించి హార్డు డిస్కునుండి దూరముగా, మౌసుకు దగ్గరగా ఉంచవలెను. కంప్యూటరు వెనుక ఇనుప గోడ చాటున గుచ్చిన రిసీవరు విషయములోను ఇదియే మందు.

ఇంతవరకు చెప్పినది గాలిలోని తగవు. ఇక కంప్యూటరు లోపలి తగవు. కీబోర్డు అక్షరములను పంపునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. 1990ల నడుమ యు.ఎస్.బి.తోపాటు స్థిరపడిన ఏర్పాటు ప్రకారము కీబోర్డు పంపునది మీట యొక్క సంఖ్య మాత్రమే. ‘ఏ’ మీటకు 4, ‘బి’ మీటకు 5, ఇట్లు వరుసగా పోయి ‘కె’ మీటకు 14. ఆ 14ను ఏ అక్షరముగా చదువవలెనో నిర్ణయించునది ఆపరేటింగ్ సిస్టములోని పట్టిక. ఇంగ్లీషు పట్టిక ఉన్నచో అది ‘కె’. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ 1986లో నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ పట్టిక ఉన్నచో అదే మీట తెలుగు ‘క’. ఇన్‌స్క్రిప్టులో ‘హెచ్’ మీట ‘ప’, ‘జె’ మీట ‘ర’ అగును.

1991లో యూనికోడు మొదటి ప్రతిలోనే తెలుగునకు చోటు దొరకినను, సిస్టములు దానిని అందుకొనుటకు కాలము పట్టినది. విండోసులో 2001 నాటి ఎక్స్‌పీతో తెలుగు వ్రాత సాధ్యమైనది. మ్యాక్ సిస్టములో తెలుగు ఖతులు 2011లో చేరినవి. కాబట్టి నిన్న ‘క’ వచ్చిన మీటకు నేడు ‘కె’ వచ్చుచున్నచో కీబోర్డును మార్చి ప్రయోజనము లేదు. చూడవలసినది సిస్టములోని భాషా పట్టికను. విండోసు కొరకు చేసిన కీబోర్డును మ్యాకునకు తగిలించినప్పుడు ‘కంట్రోల్–సి’తో నకలు కాకపోవుటయు ఇట్టిదే. మ్యాక్ ఆ పనికి ‘కమాండ్’ మీటను ఎదురుచూచును. విండోసు గుర్తుగల మీట అచ్చట కమాండుగా పనిచేయును.

ఒకే కంప్యూటరుపై రెండు సిస్టములు ఉన్నచోట కలుగు చిక్కు వేరు. తెలుగు దేశమున ఇది అరుదు కాదు. ప్రభుత్వ రంగపు సీ–డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్సు, హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన లినక్సు కొన్ని విద్యాలయములకు చేరినవి; చాలచోట్ల విండోసును తీసివేయక దాని ప్రక్కనే వీనిని స్థాపించిరి. ఇచ్చట రెండు జాతుల కీబోర్డులను వేరుచేసి చూడవలెను.

గోరంత రిసీవరుతో వచ్చునది ఒక జాతి. రేడియో వ్యవహారమంతయు ఆ రిసీవరులోనే ముగిసిపోవును. అది కంప్యూటరుతో ‘నేను తీగగల మామూలు కీబోర్డును’ అని చెప్పును. కావున సిస్టము మారినను, సిస్టము మేల్కొనక పూర్వమే వచ్చు తొలి తెరయందైనను అది పనిచేయును. దాని లోపము వేరొకటి. కీబోర్డును, దాని రిసీవరును కర్మాగారములోనే ఒక సంఖ్యతో జతకట్టి పంపుదురు. ఇరువది జతలున్న గదిలో పిల్లలు రిసీవర్లను కలగలిపినచో అన్నియు చెడినట్లే కనబడును. మొదటి రోజుననే జతజతకు ఒకే అంకె వ్రాసిన కాగితము అంటించుట దీనికి తగిన జాగ్రత్త.

రెండవ జాతి బ్లూటూత్. దీనికి వేరు రిసీవరు లేదు; కంప్యూటరులోని బ్లూటూత్ భాగమును ఆపరేటింగ్ సిస్టము నడపవలెను. లినక్సు 2001లోను, మ్యాక్ 2002లోను, విండోసు ఎక్స్‌పీ 2004 నాటి సవరణతోను ఆ విద్య నేర్చినవి. సిస్టము మేల్కొననంతవరకు బ్లూటూత్ కీబోర్డు సాధారణముగా నిద్రించుచునే యుండును. రెండు సిస్టములలో ఏది కావలెనో ఎన్నుకొను తొలి తెరపై అది పలుకకపోవుటకు హేతువు ఇదియే. అంతేకాదు. బ్లూటూత్ జతకట్టినప్పుడు ఇరువురికి మాత్రమే తెలిసిన ఒక రహస్య సంఖ్య పుట్టును. విండోసులో జతకట్టినచో ఆ సంఖ్య విండోసు దస్త్రములో ఉండును, లినక్సునకు తెలియదు. లినక్సులో మరల జతకట్టినచో, కంప్యూటరు చిరునామా అదే గనుక, కీబోర్డు పాత సంఖ్యను మరచి కొత్తది వ్రాసికొనును. మరునాడు విండోసు పాత సంఖ్య చెప్పగా కీబోర్డు తలుపు తీయదు. ఉపాధ్యాయుడు మరల జతకట్టును. అంతట లినక్సు వెలియగును. ఈ ఆట ఎన్ని దినములైనను సాగును! తెలిసినవారు ఒక సిస్టములోని సంఖ్యను రెండవదానిలో నకలు వ్రాసి దీనిని ముగింతురు. అంత శ్రమ వలదనుకొన్నచో రెండు సిస్టముల కంప్యూటరునకు రిసీవరు జాతి కీబోర్డే తగినది.

విద్యుత్తు విషయము క్లుప్తముగా చెప్పిన చాలును. తీగ పోయినది గనుక బ్యాటరీ వచ్చినది, బ్యాటరీని పొదుపు చేయుటకు నిద్ర వచ్చినది. కొంతసేపు కదల్పని మౌసు నిద్రించును. మీట నొక్కిన లేచును. సిస్టము కూడ పొదుపు కొరకు యు.ఎస్.బి. రంధ్రమును నిద్రపుచ్చుచుండును. లేవని మౌసు తప్పు ఒక్కొక్కప్పుడు ఆ అమరికది. మరల నింపదగిన బ్యాటరీ 1.2 వోల్టులదే గనుక, 1.5 వోల్టులకు అలవాటుపడిన పరికరము నిండు బ్యాటరీని కూడ అరకొరగా చూపవచ్చును. గాజుబల్లపై మౌసు కదలకున్నచో అది రేడియో లోపము కానే కాదు. అడుగునున్న కన్నునకు గాజుపై గుర్తించుటకు ఏమియు కనబడకపోవుటయే. ఒక కాగితము పరచిన సరి.

మిగిలినది గుట్టు. స్టావాంజర్ వంటి ఉదంతముల పిమ్మట తయారీదారులు కీబోర్డు సంకేతములను రహస్యలిపిలో పంపసాగిరి. మౌసు కదలికలో దాచవలసినది ఏమున్నదని చాలమంది దానిని బయటిమాటగానే వదలిరి. 2016 ఫిబ్రవరిలో అమెరికాలోని ‘బాస్టిల్’ అను భద్రతా సంస్థకు చెందిన పరిశోధకులు ఈ నిర్లక్ష్యపు ఫలితమును బయటపెట్టిరి. పలు సంస్థల రిసీవర్లు మౌసు మార్గమున రహస్యలిపి లేకుండ వచ్చిన మీట సంఖ్యలను కూడ నిజమైన కీబోర్డు మాటగానే స్వీకరించుచుండెను. సుమారు 100 మీటర్ల లోపల నున్నవాడు చవుక రేడియో పరికరముతో తనకు కావలసిన మీటలను ఇతరుల కంప్యూటరులో నొక్కవచ్చునని వారు చూపిరి. దీనికి ఆపరేటింగ్ సిస్టమును నిందింపలేము. తీగగల కీబోర్డునని రిసీవరు చెప్పిన మాటను అది నమ్మినది.

పాఠశాల కంప్యూటరులో మార్కుల జాబితా ఉండును, విద్యార్థుల వివరములు ఉండును, వానిని తెరచు పాస్‌వర్డు ఉండును. లోపముగల రిసీవర్లలో కొన్నింటి లోపలి కార్యక్రమమును తయారీదారు ఇచ్చిన సవరణతో దిద్దవచ్చును. కొన్నింటిలో కర్మాగారమున వ్రాసినదే కడవరకు ఉండును. వానిని తీసివేసి వేరొకటి కొనవలసినదే. పాఠము చెప్పుటకు తీగలేని మౌసును ఉంచుకొని, మార్కులు ఎక్కించు కంప్యూటరునకు మాత్రము తీగగల పాత కీబోర్డునే వాడు పాఠశాలలకు ఈ బెంగ లేదు.